అమ్మానాన్నలతో వైట్ మౌంటెన్స్‌లో రెండు రోజులు: ఏం చూడాలి, ఏం వదిలేయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. అక్టోబరు లాంగ్ వీకెండ్‌లో న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి న్యూ హాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్ నేషనల్ ఫారెస్ట్‌కి వెళ్తున్నారు. విజయవాడ నుంచి వచ్చిన అమ్మగారు, నాన్నగారు, ఐదేళ్ల పాప మీతో ఉంటారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. చేతిలో ఉన్నవి రెండు రోజులు, రాసుకున్నవి 14 చోట్లు. ఎంట్రీ టికెట్ ఎక్కడ కొనాలి, కొండ ఎక్కకుండా ఏమేం చూడొచ్చు, ఇంటి భోజనం తీసుకెళ్లొచ్చా, మౌంట్ వాషింగ్టన్ కూడా కలపొచ్చా అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. అడవికి ఎంట్రీ టికెట్ లేదు, గేటు కూడా లేదు. ఆ 14లో నాలుగైదు ఉంచుకుని మిగతావి కొట్టేయండి. ఒక రోజు మొత్తం అడవి మధ్య నుంచి పోయే కాంకమాగస్ హైవేకి ఇవ్వండి, కాన్వే వైపు మొదలుపెట్టి లింకన్ వైపు ముగించండి. మౌంట్ వాషింగ్టన్ ఈసారికి వదిలేయండి. భోజనం తప్పకుండా తీసుకెళ్లండి.

నేను పద్నాలుగేళ్లుగా న్యూ హాంప్‌షైర్ దక్షిణ భాగంలో ఉంటున్నాను. ఏడాదిలో ఎనిమిది, పది సార్లయినా ఆ కొండల వైపు వెళ్తాను. మా అమ్మ, మా అత్తయ్య, మామయ్యగారు, స్నేహితుల తల్లిదండ్రులు, ఇలా ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లను చాలామందినే తిప్పాను. అందులో తప్పులూ చేశాను. కింద రాసేదంతా ఆ అనుభవమే.

ముందు ఒక తేడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. నేషనల్ పార్కు వేరు, నేషనల్ ఫారెస్ట్ వేరు. ఎల్లోస్టోన్ లాంటి పార్కులు అంతర్గత వ్యవహారాల శాఖ కింద ఉంటాయి. గేటు, మ్యాపు ఇచ్చే రేంజరు, హోటలు, కొన్నిచోట్ల షటిల్ బస్సు ఉంటాయి. నేషనల్ ఫారెస్ట్ వ్యవసాయ శాఖలోని ఫారెస్ట్ సర్వీస్ చేతిలో ఉంటుంది. అక్కడ కలప కొడతారు, వేటాడతారు, స్కీయింగ్ కంపెనీలకు స్థలం ఇస్తారు, మనలాంటి వాళ్లు తిరగడానికి దారులూ వేస్తారు. దాదాపు 8 లక్షల ఎకరాల అడవి మధ్య నుంచి మామూలు రాష్ట్ర రహదారులు పోతుంటాయి. మీరు ఎప్పుడు అడవిలోకి వచ్చారో కూడా తెలియదు. స్వేచ్ఛ ఎక్కువ, కానీ మిమ్మల్ని చూసుకునే మనిషి అక్కడ ఎవరూ ఉండరు. నీళ్లు, పెట్రోలు, మ్యాపు, తిండి, తిరిగి వచ్చే సమయం అన్నీ మీరే చూసుకోవాలి.

ఈ అడవి పుట్టుక కూడా తెలిస్తే బాగుంటుంది, నాన్నగారికి చెప్పండి. 19వ శతాబ్దం చివర కలప కంపెనీలు ఈ కొండల్లోకి రైలు పట్టాలు వేసి మరీ చెట్లు కొట్టేశాయి. వాలులన్నీ బోడిగా మారాయి. మిగిలిన కొమ్మా రెమ్మా ఎండి మంటలు అంటుకున్నాయి. దిగువ నదుల్లో వరదలు, పూడిక వచ్చి మిల్లుల వాళ్లూ గోల పెట్టారు. చివరికి 1911లో వీక్స్ చట్టం వచ్చింది. తూర్పు రాష్ట్రాల్లో ప్రైవేటు భూములు కొని జాతీయ అడవులు చేయడానికి దారి వేసింది ఆ చట్టమే. దాన్ని తెచ్చిన జాన్ వీక్స్ ఈ కొండల పక్కన లాంకాస్టర్‌లో పుట్టినవాడు. 1918లో ఇది నేషనల్ ఫారెస్ట్ అయింది. లింకన్ వుడ్స్ దగ్గర మీరు నడిచే చదునైన దారి ఒకప్పటి కలప రైలు కట్టే. అక్కడక్కడా పాత స్లీపర్లు ఇంకా కాలికి తగులుతాయి. ఇంత దట్టమైన అడవి వందేళ్ల కింద నరికిన నేల మీద మళ్లీ మొలిచిందని నాకు తెలిసిన రోజు నుంచి ఆ చెట్లను చూసే తీరే మారిపోయింది.

డబ్బు విషయం. అడవికి టికెట్ లేదు గానీ కొన్ని పార్కింగ్ స్థలాల్లో రోజుకు కారుకు 5 డాలర్లు ఉంటుంది. లోయర్ ఫాల్స్, రాకీ గోర్జ్, సబ్బడే ఫాల్స్, లింకన్ వుడ్స్, డయానాస్ బాత్స్ ఇలాంటివే. ఒకచోట కడితే ఆ రోజంతా మిగతాచోట్లా చెల్లుతుంది. కవర్లో డబ్బు పెట్టి ఇనుప గొట్టంలో వేసి, చింపిన ముక్క కారు అద్దం దగ్గర పెట్టాలి. సిగ్నల్ ఉండదు కాబట్టి ఫోన్లో కట్టొచ్చులే అనుకోకండి, ఐదు డాలర్ల నోట్లు, ఒక పెన్ను దగ్గర పెట్టుకోండి. మీ దగ్గర జాతీయ పార్కుల వార్షిక పాస్ ఉంటే అది ఇక్కడ పనిచేస్తుంది. నాన్నగారికి 62 దాటాయని సీనియర్ పాస్ అడగాలనుకుంటారేమో, అది అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు వాళ్లకే ఇస్తారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు ఇవ్వరు.

మీ జాబితాలో ఉన్న ఫ్లూమ్ గోర్జ్ ఈ అడవిది కాదు. అది ఫ్రాంకోనియా నాచ్ స్టేట్ పార్కు. దానికి వేరే టికెట్, ముందే ఆన్‌లైన్‌లో సమయం చూసి కొనుక్కోవాలి. చాలా అందంగా ఉంటుంది, కాదనను. కానీ దాదాపు రెండు మైళ్ల చుట్టు నడక, నిండా మెట్లు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు దిగేటప్పుడే ప్రాణం పోతుంది. అమ్మగారి కోసం దాన్ని తీసేయమంటాను.

ఇక అసలు రోజు. కాంకమాగస్ హైవే అంటే రూట్ 112, లింకన్ నుంచి కాన్వే వరకు 34.5 మైళ్లు. ఇక్కడి ఆదివాసులైన పెనకూక్ తెగల చివరి నాయకుడి పేరు అది. ఆగకుండా నడిపితే గంట లోపే అయిపోతుంది, మా వాళ్లు చాలామంది అదే చేసి "ఏముంది, చెట్లేగా" అని వచ్చేస్తారు. ఆ రోడ్డు మీద చూడాల్సింది కారు ఆపిన తర్వాతే మొదలవుతుంది.

కాన్వే నుంచి ఎందుకు మొదలుపెట్టమన్నానంటే, తూర్పు సగంలో నీళ్లున్నాయి, పడమటి సగంలో కొండల దృశ్యాలున్నాయి. పొద్దున నీళ్ల దగ్గర జనం తక్కువ, పార్కింగ్ దొరుకుతుంది. సాయంత్రానికి పడమటి వాలు మీదికి చేరితే ఎండ అటువైపు నుంచి పడి కొండలు వెలుగుతాయి. అందుకే మొదటి రాత్రి నార్త్ కాన్వేలో, రెండో రాత్రి లింకన్‌లో గది తీసుకోండి. ఎడిసన్ నుంచి ఆరు గంటలకు పైగా ప్రయాణం, వచ్చిన రోజు ఇంకేం పెట్టుకోకండి.

మొదట లోయర్ ఫాల్స్. స్విఫ్ట్ నది పెద్ద పెద్ద గ్రానైట్ బండల మీదుగా జారుతుంది. పార్కింగ్ నుంచి నాలుగడుగులే, చదునుగా ఉంటుంది, కూర్చోవడానికి బల్లలున్నాయి. మా అమ్మ వచ్చినప్పుడు అక్కడ అరగంట ఆగుదామనుకున్నాం. ఆవిడ చెప్పులు విప్పి, చీర కొంచెం పైకి పట్టుకుని, ఒడ్డున లోతు లేని చోట నీళ్లలో కాళ్లు పెట్టుకు కూర్చుంది. రెండు గంటలు లేవలేదు. "కృష్ణలో ఇంత చల్లటి నీళ్లు ఎప్పుడూ చూళ్లేదు" అంది. ఆ రోజు మేం ఇంకో ఐదు చోట్లు చూడాల్సింది, ఒక్కటే చూశాం. ఇప్పుడు ఫోన్‌లో అమెరికా సంగతి వస్తే ఆవిడ అడిగేది ఆ నది గురించే. అప్పటి నుంచి నేను ఎవరినీ జాబితా పట్టుకుని తిప్పడం లేదు.

కానీ ఒక్కమాట గట్టిగా చెప్పాలి: తడి బండ ఎక్కకండి. పొడిగా కనిపించే బండ మీద కూడా నీళ్లు తగిలే అంచున సన్నటి పాచి ఉంటుంది. మా అత్తయ్య అక్కడే, మామూలు రబ్బరు చెప్పులతో ఫోటో కోసం రెండడుగులు ముందుకేసి జారి, చెయ్యి కింద ఆనించింది. మణికట్టు విరిగింది. 911కి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు, కారులో పడుకోబెట్టి కాన్వే దాకా నడిపాను. ఆ అరగంట టెన్షన్ ఇప్పటికీ గుర్తే. విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం కాబట్టి ఖర్చులో గట్టెక్కాం. మీ అమ్మగారికి మడమ పట్టి ఉంచే, కింద గాట్లున్న బూట్లు కొనండి. చీరకట్టే సౌకర్యమంటే పర్వాలేదు, బూట్లు మాత్రం తప్పనిసరి.

లోయర్ ఫాల్స్ తర్వాత రాకీ గోర్జ్ దగ్గరే. నది అంతా ఒక సన్నటి బండల సందులో దూరి వెళ్తుంది. దాని మీద చెక్క వంతెన, అది దాటితే ఫాల్స్ పాండ్ అనే నిశ్శబ్దమైన చెరువు. పాపకి నచ్చుతుంది. అయితే అక్కడ నీళ్లలో దిగడం నిషేధం, ప్రవాహం మనిషిని బండ కిందికి లాగేస్తుంది. చెయ్యి పట్టుకునే ఉండండి. ఈ రెండింటికన్నా ముందు, కాన్వే నుంచి ఆరు మైళ్ల దగ్గర 1858 నాటి ఆల్బనీ కవర్డ్ బ్రిడ్జి వస్తుంది. పైకప్పున్న చెక్క వంతెన, నాన్నగారికి ఫోటోలంటే ఇష్టమైతే పది నిమిషాలు ఆగండి.

దారిలో రస్సెల్-కోల్‌బాత్ ఇల్లు అని 1830ల నాటి ఒక చిన్న చెక్క ఇల్లు కనిపిస్తుంది. చాలామంది దాటి వెళ్లిపోతారు. 1891లో ఆ ఇంటాయన థామస్ కోల్‌బాత్ కాసేపట్లో వస్తానని చెప్పి వెళ్లాడు, రాలేదు. భార్య రూత్ 39 ఏళ్ల పాటు రోజూ రాత్రి కిటికీలో దీపం పెట్టింది. 1930లో ఆమె పోయింది. ఆయన మూడేళ్ల తర్వాత తిరిగొచ్చాడు. మా అమ్మకి ఈ సంగతి చెప్పాక ఆ కిటికీ ముందు చాలాసేపు నిలబడింది. పెద్దవాళ్లు ఇలాంటివి వింటారు, వాళ్లకి చెప్పండి.

తర్వాత సబ్బడే ఫాల్స్. నా ఓటు దీనికే. కంకర దారి, ఒకవైపు అర మైలు కూడా ఉండదు, ఎక్కుడు చాలా తక్కువ. ముందు కింది మడుగు వస్తుంది, ఆకుపచ్చ గాజులా ఉంటుంది. ఆ తర్వాతే చెక్క మెట్లు, కమ్మీలు. అమ్మగారు మడుగు దగ్గర కూర్చుంటే మీరు, పాప పైకి వెళ్లి రావచ్చు. ఇక్కడా నీళ్లలో దిగకూడదు.

ఇక అక్కణ్నుంచి రోడ్డు పైకి ఎక్కుతుంది. కనుమ దాదాపు 2,855 అడుగుల ఎత్తు. కనుమకి ముందు సి.ఎల్. గ్రాహం వాంగన్ వ్యూపాయింట్, దాటాక పెమి వ్యూపాయింట్, ఆ కింద పెద్ద మెలిక దగ్గర హాంకాక్ వ్యూపాయింట్. ఏవీ కారు దిగి ఇరవై అడుగులు మించవు. సాయంత్రం పెమి దగ్గరుండేలా చూసుకోండి. ఆ వారంలో సూర్యుడు ఆరు దాటగానే అస్తమిస్తాడు, ఐదుకే చేరండి. అరకు ఘాట్ రోడ్డులో కడుపు తిప్పేవాళ్లెవరైనా ఉంటే భయం లేదు. ఇది వెడల్పైన రోడ్డు, మెలికలు కొన్నే.

ఆకుల రంగులు. మీరంతా వెళ్తున్నది దానికే కదా. కనుమ దగ్గర సాధారణంగా సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు మొదటి పది రోజుల్లో రంగు నిండుగా ఉంటుంది. లోయలో వారం ఆలస్యం. రాత్రులు చల్లబడి, పగళ్లు కురచబడితే ఆకులో పత్రహరితం తగ్గిపోతుంది, అప్పటిదాకా దాని వెనక దాగిన పసుపు బయటపడుతుంది. షుగర్ మేపుల్‌లో ఎరుపు మాత్రం కొత్తగా తయారవుతుంది. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న ఏడాది ఆ ఎరుపు మండుతుంది. మీరు వెళ్లే వారాంతంలో కనుమ మీద కొన్ని చెట్లు రాల్చేసి ఉండొచ్చు, కాన్వే వైపు మాత్రం బాగానే ఉంటుంది.

అసలు సమస్య రంగు కాదు, జనం. ఏడాది మొత్తంలో అత్యంత రద్దీ వారాంతం అది. పదింటికల్లా లోయర్ ఫాల్స్ పార్కింగ్ నిండిపోతుంది. రోడ్డు అంచున ఆపితే టికెట్ రాస్తారు, పైగా ప్రమాదం. సెలవు పెట్టగలిగితే అంతకు ముందు వారం మంగళ, బుధవారాల్లో వెళ్లండి, ఇదే రోడ్డు మీకు ఖాళీగా కనిపిస్తుంది. కుదరదంటే ఏడున్నరకి హోటల్ నుంచి బయటపడాలి. పెద్దవాళ్లు పొద్దున్నే లేస్తారు కాబట్టి ఇది మీకు కలిసొచ్చేదే.

రెండో రోజు సగమే పెట్టుకోండి. లింకన్‌లో ఉంటారు కాబట్టి లూన్ మౌంటెన్ గొండోలా ఎక్కండి. స్కీ కొండ అది, భూమిలో చాలా భాగం ఈ అడవిదే. కేబిన్‌లో కూర్చునే పైకి వెళ్తారు, అమ్మగారు మోకాలు వంచకుండా కొండ మీద నిలబడి చూడగలిగే చోటు అది. గాలి ఎక్కువైతే ఆపేస్తారు, పొద్దున్నే ఫోన్ చేసి కనుక్కోండి. ఒకవేళ ఆపితే లింకన్ వుడ్స్‌లో నది వెంట ఆ రైలు కట్ట మీద ఎంత నడవగలిగితే అంత నడిచి వెనక్కి రండి.

మౌంట్ వాషింగ్టన్ ఎందుకు వద్దన్నాను? అది 6,288 అడుగులే, మనకి చిన్నదిగా అనిపిస్తుంది. కానీ 1934 ఏప్రిల్ 12న ఆ శిఖరం మీద గంటకు 231 మైళ్ల గాలి నమోదైంది. కింద స్వెటర్ సరిపోయిన రోజు పైన మంచు పడొచ్చు. పైకి 7.6 మైళ్ల ప్రైవేటు ఆటో రోడ్డు ఉంది, చాలాచోట్ల పక్కన గోడ ఉండదు. పళ్లచక్రాల రైలు కూడా ఉంది, 1869 నుంచి నడుస్తోంది, పెద్దవాళ్లకి అదే నయం. రెండూ బాగానే ఖర్చు. సగం రోజులు శిఖరం మేఘంలోనే ఉంటుంది, మీరు డబ్బు కట్టి తెల్లటి పొగ చూసి దిగుతారు. మూడో రోజు ఉంటే, ఆ పొద్దున శిఖరం మీది అబ్జర్వేటరీ ఇచ్చే వాతావరణ సూచన చూసి, ఆకాశం తేటగా ఉంటేనే వెళ్లండి. ముందుగా నిర్ణయించుకోకండి.

మీరు హైకింగ్ చేయడం లేదు గానీ ఇది చదివే వేరేవాళ్ల కోసం ఒక మాట. నాలుగు వేల అడుగుల పైన కాటన్ బట్టలు వేసుకోవద్దు. నాకు తెలిసిన కుర్రాళ్లు నలుగురు సెప్టెంబరులో జీన్స్, కాటన్ టీషర్టులతో లఫాయెట్ ఎక్కారు, మధ్యలో వాన తగిలి ఒకడికి వణుకు ఆగక మాట తడబడే దాకా వచ్చింది. న్యూ హాంప్‌షైర్‌లో నిర్లక్ష్యం వల్ల చిక్కుకుంటే రక్షించిన ఖర్చు మీ దగ్గరే వసూలు చేయొచ్చు. 25 డాలర్ల హైక్ సేఫ్ కార్డు ఉంటుంది, కుటుంబానికి 35. అది ఆ ఖర్చు నుంచి కాపాడుతుంది, మరీ తెగింపుగా ప్రవర్తిస్తే మాత్రం కాదు. పైగా ఆ డబ్బు వెతికి తెచ్చే వాళ్లకే పోతుంది. కొండెక్కేవాళ్లు తీసుకోండి.

భోజనం. కాంకమాగస్ మీద హోటల్ లేదు, పెట్రోల్ బంకు లేదు. కాన్వేలో ట్యాంకు నింపండి. పులిహోర, చపాతీలు, పెరుగన్నం, ఫ్లాస్కులో టీ, ఇంతకు మించి అక్కర్లేదు. పెరుగన్నం ఐసు పెట్టిన డబ్బాలో ఉంచండి. తిన్నాక కరివేపాకు రెబ్బ, అరటి తొక్క కూడా అడవిలో పడేయకండి, అన్నీ సంచిలో కట్టి కారులో వేసుకోండి. "మట్టిలో కలిసిపోతుందిలే" అనుకుంటాం, ఎలుగుబంటి ఆ వాసనకి పార్కింగ్ దాకా రావడం నేర్చుకుంటుంది. మనిషి తిండికి అలవాటు పడిన ఎలుగు ఎక్కువ రోజులు బతకదు, చివరికి దాన్ని చంపాల్సి వస్తుంది. ఉడుతలకు, చిప్‌మంక్‌లకు పాప చేత పల్లీలు పెట్టించొద్దు, ఇదే కారణం.

టాయిలెట్లు. ఇది ఎవరూ రాయరు, అందుకే రాస్తున్నాను. ముఖ్యమైన ఆగే చోట్ల ఉంటాయి, శుభ్రంగానే ఉంటాయి, కానీ గుంత మీద కట్టినవి. కుళాయి ఉండదు. అమ్మగారికి, నాన్నగారికి తలా ఒక ఖాళీ బాటిల్, అవి నింపడానికి డిక్కీలో ఒక పెద్ద నీళ్ల క్యాను, చేతులకు శానిటైజర్ పెట్టండి. పెద్దవాళ్లు అడగడానికి మొహమాటపడి నీళ్లు తాగడం మానేస్తారు, తలనొప్పి వస్తుంది. మా మామయ్యగారితో నాకు అదే జరిగింది.

చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద నెమ్మదిగా నడపండి. మూస్ అనే పెద్ద దుప్పి జాతి జంతువు వెయ్యి పౌండ్ల దాకా తూగుతుంది. ఒళ్లు నల్లగా ఉంటుంది, కాళ్లు ఎంత పొడుగంటే కళ్లు హెడ్‌లైట్ వెలుగుకి పైన ఉంటాయి. జింక కళ్లలా మెరవవు. కారు దాని కాళ్లకు తగిలి మొండెం అద్దం మీద పడుతుంది. అందుకే పెమి దగ్గర సూర్యాస్తమయం కాగానే లింకన్‌కి దిగిపొమ్మంటాను, అక్కణ్నుంచి దూరమూ తక్కువే. తిరిగి కాన్వేకి వెళ్లేలా గది తీసుకోవద్దని చెప్పడానికి ఇదీ ఒక కారణం.

బయల్దేరే ముందు ఫోన్లో మ్యాపు డౌన్‌లోడ్ చేసుకోండి. కాన్వే వైపు హైవే మొదట్లోనే సాకో రేంజర్ స్టేషన్ ఉంది, అక్కడ కాగితం మ్యాపు తీసుకుని, ఏ దారి మూసి ఉందో కౌంటర్లో అడగండి. వరద వచ్చిన ఏడాది చిన్న వంతెనలు మూసేస్తుంటారు. ఆ తాజా సంగతి బాగా తెలిసేది వాళ్లకే. స్వెటర్లు, టోపీలు సూట్‌కేసు అడుగున కాకుండా డిక్కీలో పైన పెట్టండి. పెమి దగ్గర ఐదున్నర దాటాక అమ్మగారు మొదట అడిగేది శాలువానే.